ప్రాస కోసం పెట్టిన మచ్చ

నర్సీపట్నంలో షేర్ ఆటో ఎక్కితే పాట వినకుండా దిగడం కష్టం. డ్రైవరు తాళం తిప్పగానే ముందు పాట మొదలవుతుంది, తర్వాతే ఇంజను కదులుతుంది. నేను మాత్రం ఒక పాట మొదలైతే ఎక్కడుంటే అక్కడ దిగిపోతాను. ఎండలో మిగతా దారి నడిచి బడికి వెళ్తాను. "ఏటి మేస్టారూ, బడి ఇంకా రానేలేదు కదా" అంటారు డ్రైవర్లు. పని గుర్తొచ్చిందంటాను. ఆ పాట రాసింది నేనేనని వాళ్ళలో చాలామందికి తెలుసు. తన పాట నుంచి తనే పారిపోయే మనిషిని వాళ్ళెక్కడా చూసి ఉండరు.

నేను తెలుగు మేస్టారిని. పిల్లలకి ఛందస్సు చెప్పి చెప్పి విసుగొచ్చిన సాయంత్రాలు పాటలు కట్టుకునేవాణ్ణి. బస్టాండు దగ్గర ఫొటో షాపు మేడ మీద రెండు గదుల స్టూడియో ఉంది. అక్కడాయన నా పాటలకి బాణీ కట్టి, పాడించి, తన ఛానెల్లో పెట్టేవాడు. నాకు కథలు అల్లడం చేతకాదు. చుట్టూ ఉన్న మనుషులే నా సరుకు. మొదటి పాట మా అత్తగారి మీద. ఆవిడ చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ అల్లుణ్ణి తిట్టడం పాట నిండా ఉంటుంది. కోప్పడుతుందని భయపడ్డాను. ఆవిడ వీధి అరుగు మీద ఫోను పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ వినిపించింది. రెండోది మా ఆవిడ అలక మీద. అదీ బాగానే తిరిగింది. మా ఆవిడ మాత్రం ఒకటే మాటంది.

"ఇంట్లో మాటలు ఇంట్లో ఉంచండి. వీధిలో పెట్టాక అవి మన మాట వినవు."

పాట హిట్టయిన మగాడికి పెళ్ళాం మాట చెవికెక్కదు. నాకూ ఎక్కలేదు.

మూడో పాట మా మరదలి మీద రాశాను. మరదలంటే మా మేనమామ కూతురు. రోలుగుంట దగ్గర పల్లెలో మామయ్యకి జీడితోట ఉండేది. చిన్నప్పటి వేసవి సెలవులన్నీ నాకక్కడే గడిచాయి. మేనరికం ఉన్న ఇళ్ళలో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ పిల్ల బిందెతో కనబడితే చాలు, "అదిగో, నీ పెళ్ళాం నీళ్ళు తెస్తంది, సాయం పట్టు" అని తోటలో పనిచేసే ఆడవాళ్ళు నన్ను ఏడిపించేవారు. నాకు సిగ్గు. దానికి కోపం. "నానేటి ఎర్రిదాన్నా, ఈ బావని సేసుకోడానికి!" అనేది. అది దాని ఊతపదం. ఏ మాటకైనా ముందు "నానేటి ఎర్రిదాన్నా" ఉండాల్సిందే. తీరా పెళ్ళి వేళకి నాకు ఉద్యోగం లేదు. మామయ్య తనని నాతవరంలో తాండవ కాలువ కింద పొలాలున్న ఇంటికి ఇచ్చాడు. ఆ పెళ్ళిలో విస్తళ్ళు వేసింది నేనే. గుండె పగిలిందని చెప్తే అబద్ధం. ప్రేమ అనే మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. కొంచెం వెలితిగా అనిపించింది, అంతే.

పెళ్ళితో వరసలు కూడా సర్దుకున్నాయి. మరదలి మొగుడు నాకు తమ్ముడవుతాడు. ఆయన నన్ను "అన్నయ్యా" అని నోరారా పిలిచేవాడు. కొత్త బియ్యం వస్తే మా ఇంటికి ఒక బస్తా పంపేవాడు. మాట తక్కువ, నిదానం మనిషి. ఇద్దరు పిల్లలు. వాళ్ళ కాపురం గురించి ఎవరూ ఒక్క మాట అనుకోనక్కర్లేకుండా ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి.

పాటలో జీడితోట ఉంది, నీళ్ళ బిందె ఉంది. పల్లవి చివర ఆడగొంతు ఎగదోసినట్టు అంటుంది: "నానేటి ఎర్రిదాన్నా బావా, నానేటి ఎర్రిదాన్నా". ఆ ఒక్క ముక్క వినగానే స్టూడియో ఆయన కుర్చీలోంచి లేచాడు. దీనికి తిరుగులేదు మేస్టారూ అన్నాడు. గొడవ చరణంలో వచ్చింది. మా మరదలికి ముంజేతి మీద జీడి సొన కాలిన మచ్చ ఉంది. తోటల్లో పెరిగిన పిల్లలందరికీ ఎక్కడో అక్కడ ఉండేదే. అందరికీ కనబడేదే. మొదట ఆ చేతి మచ్చనే రాసుకెళ్ళాను. పాడి చూస్తే నాకే చప్పగా ఉంది. పై పాదం "అడగబోతే నవ్విపోతివే మరదలా" అని ఉంది. రెండో అక్షరం కలవాలి కదా, అదే ప్రాస. పిల్లల చేత బట్టీ పట్టించే మేస్టారు తన పాటలో తప్పుతాడా? అక్కడే నిలబడి మార్చేశాను.

"అడగబోతే నవ్విపోతివే మరదలా, నడుము మచ్చ దాచుకోని నడిచిపోతివే."

గదిలో అందరూ ఆహా అన్నారు. నేను ఇంకో తెలివి కూడా ఉపయోగించానని మురిసిపోయాను. చేతి మచ్చ రాస్తే ఎవరిదో తెలిసిపోతుంది, నడుము అయితే ఎవరిదీ కాదు, మనిషికి మరుగు ఉంటుంది అనుకున్నాను. నిజం తీసేసి అబద్ధం పెడితే ఎవరికీ హాని లేదని నిజంగా నమ్మాను.

పాట ఊరు దాటింది, జిల్లా దాటింది. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే బళ్ళ మీద అదే, ఆటోల్లో అదే, ఆడపిల్లల రీల్స్‌లో అదే. బడిలో పిల్లలు నన్ను చూసి గొంతు తగ్గించి "ఎర్రిదాన్నా" అని పారిపోయేవారు. నాకు లోపల పండగ్గా ఉండేది. మా ఆవిడ మాత్రం పాటంతా విని, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఈవిడెవరో నాకు తెలుసు లెండి. మచ్చ సంగతే తెలీదు."

"అది నా కల్పనే, ప్రాస కోసం" అన్నాను.

"కల్పనైతే మంచిదే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. మా ఆవిడ ఊరుకుందంటే నాకు భయమే.

వేసవిలో నాతవరంలో మా చుట్టాలింట్లో పెళ్ళి. డీజే వాడు నా పాట పెట్టాడు. కుర్రకారు ఈలలు వేశారు. ఎవరో పెద్దగా "ఇది మన ఊరి కోడలి పాటరోయ్" అన్నారు. నవ్వులు లేచాయి. నేనూ నవ్వబోయి, దూరంగా మరదలి మొగుడు కనబడితే ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు. పాట వింటున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒక్కో మాటా తనలో అనుకుంటూ వింటున్నాడని అర్థమైంది. చరణం వచ్చేసరికి తల ఎత్తి సూటిగా నన్నే చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం కవిగారూ. భోజనం సేసేరాండీ?"

 ఇరవై ఏళ్ళు అన్నయ్యా అన్న నోరు అండీ అంటే అది మర్యాద కాదు, తలుపు వెయ్యడం. తిట్టినా బాగుండును. చేసేనండీ అన్నాను, తిన్నదేమీ లేకపోయినా. మరదలు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఎప్పుడూ నన్ను చూడగానే గట్టిగా పలకరించే మనిషి ఆ రోజు తల ఎత్తలేదు.

తర్వాత నెల రోజులు ఆయన నా ఫోను ఎత్తలేదు. మరదలి ఫోను స్విచ్చాఫ్. ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంది. అడగడానికి ధైర్యం లేదు. నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, నాట్ల హడావిడేమోనని. ఆ రోజుల్లో పాట ఇంకా పెరుగుతూనే ఉంది. స్టూడియో ఆయన రెండో భాగం రాయమని వెంటపడ్డాడు.

ఒక ఆదివారం పొద్దున్నే మామయ్య వచ్చాడు. రోలుగుంట నుంచి మొదటి ఆటో పట్టుకుని వచ్చుంటాడు. మా ఆవిడ టీ ఇస్తే పక్కన పెట్టేశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఒరే అల్లుడా, నాతవరం అల్లుడు దాన్ని తీసుకొచ్చి మా ఇంటికాడ దింపీసి ఎల్లిపోనాడురా. పిల్లలిద్దర్నీ అక్కడే ఉంచుకున్నాడు. నాతో ఒక్క మాటే అన్నాడు. మీ మేనల్లుడు రాసిన మచ్చ మీ కూతురి ఒంటి మీద ఉంది, ఆయనకెలాగ తెలిసిందో కనుక్కోండి, అన్నాడు."

నాకు అర్థం కాలేదు. "ఏ మచ్చ మావయ్యా?"

"నువ్వు రాసిందే. నడుం మీద. ఉందంట. నాకేటి తెలుసు, ఆడపిల్ల. మీ అత్త బతికుంటే దానికి తెలిసును."

నాకు నవ్వొచ్చింది. సిగ్గులేకుండా నవ్వొచ్చింది. ప్రాస కలవలేదని పెట్టిన మచ్చ ఎలా ఉంటుంది? నవ్వు మధ్యలో ఆగిపోయింది. మామయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. ఎత్తుకుని పెంచిన మేనమామ, నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. కల్పన అని చెప్పాను. ప్రాస సంగతి చెప్పాను. రెండో అక్షరం గురించి ఆ ముసలాయనకి వివరించాను, మతి లేక. వింటున్న కొద్దీ ఆయన కళ్ళు కిందికి దిగిపోయాయి. ఎవడికి చెప్పినా ఇదే జరుగుతుందని నాకప్పుడు తెలిసింది. నిజం చెప్తున్నాను, అది అబద్ధంలా వినబడుతోంది.

"అది నీతో ఒక మాట మాట్లాడాలంటంది. ఒక్కసారి రా" అన్నాడు వెళ్ళబోతూ.

నేను వెళ్ళలేదు. ఇప్పుడు మేమిద్దరం కలిసి మాట్లాడితే ఉన్న అనుమానానికి సాక్ష్యం కూడా దొరుకుతుందన్నాను. ఎంతో ఆలోచించి అన్నట్టే అన్నాను. ఆ ఒక్క మాట వినడానికి నేను వెళ్ళి ఉంటే తర్వాతది జరిగేది కాదు.

రెండు వారాల తర్వాత నాతవరం నుంచి కబురొచ్చింది. మరదలి మొగుడి పెదనాన్న ఒకాయన ఉన్నాడు, ఇంటికి పెద్ద. తగువు కోర్టులకి వద్దు, అమ్మవారి గుడిలో నేను ప్రమాణం చేస్తే చాలన్నాడట. తల స్నానం చేసి, తడిబట్టలతో, వెలిగే కర్పూరం అరచేత్తో ఆర్పి చెప్పాలి. చెప్తే కోడల్ని తీసుకెళ్తారు, పిల్లలు తల్లి దగ్గరికొస్తారు. చెప్పకపోతే ఆవిడ పుట్టింట్లోనే. అంతకంటే తేలిగ్గా బయటపడే దారి లేదు. నాకు కోపం వచ్చింది, చదువు చెప్పేవాణ్ణి కర్పూరం ఆర్పమంటారా అని. ధైర్యం కూడా వచ్చింది. నేను చూడలేదు. నిజం చెప్పడానికి నాకేం భయం?

"ఆలోచించుకోండి" అంది మా ఆవిడ. "ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అని అరిచాను. ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి చూసింది.

శుక్రవారం పొద్దున వెళ్ళాను. గుడి చిన్నది, పొలాల అంచున. బోరు నీళ్ళు రెండు చెంబులు నెత్తి మీద పోసుకున్నాను. పంచె ఒంటికి అతుక్కుపోయింది. ఎండ వచ్చినా వణుకొచ్చింది. గుడి ముందు పది మంది. మరదలి మొగుడు నా వైపు చూడకుండా గోడ దగ్గర నిలబడ్డాడు. మామయ్య కూతుర్ని తీసుకొచ్చాడు. తను సగమైపోయింది. ముంజేతి మీద మచ్చ ఎప్పటిలాగే కనబడుతోంది. అదే రాసి ఉంటే ఏమయ్యేదని అప్పుడు అనుకున్నాను, ప్రాస చెడేది, అంతే కదా.

పెద్దాయన పళ్ళెంలో కర్పూరం వెలిగించి, మాటలు తనే అందించాడు. "నాను సూళ్ళేదు. నాను ఇన్లేదు. నాకెవలూ సెప్పలేదు. ఈ మూడూ అను బాబూ, ఆర్పు."

నేను చెయ్యి చాచాను. అప్పుడు మరదలు ముందుకొచ్చేసింది.

"వద్దు బావా. ఒట్టెయ్యకు. నాను మా నాన్న కాడే ఉండిపోతాను. నువ్వు బేగి ఇంటికెల్లిపో."

జనం కదిలారు. ఎవరో ఆవిడ "సూసేరా మరి" అంది. గోడ దగ్గర ఆయన మొహం నల్లబడిపోయింది. మామయ్య కూతురి రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ పిచ్చిది తన కాపురం తనే కూల్చుకుంటోంది, నేను పరువు తీసుకుని ఇంత దూరం వచ్చి తడిసి నిలబడితే! సిగ్గుపడి అంటోందనుకున్నాను. నాకు జాలేసి కాదు, కోపంతోనే గొంతు పెద్దదైంది.

"నేను చూడలేదు. నేను వినలేదు. నాకెవరూ చెప్పలేదు."

అక్కడితో సరిపోయేది. మూడు మాటలే అడిగారు. కానీ నాకు ఒక జబ్బుంది. ఎవరైనా మూడు చరణాలు చాలంటే నాలుగోది కట్టకుండా ఉండలేను. "నా కూతురి మీద ఒట్టు" అన్నాను. ఎవరూ అడగలేదు. అని, అరచెయ్యి మంట మీద వేసి నొక్కాను. చర్మం చుర్రుమంది. మంట ఆరింది.

మరదలి మొగుడు గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. కళ్ళలో నీళ్ళు.

"కాలిపోయింది కదన్నయ్యా" అన్నాడు.

అన్నయ్యా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. కాఫీ తాగి కానీ కదలనివ్వనని ఆయన ఇంటికి లాక్కెళ్ళాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకున్నారు. మామయ్య అరుగు మీద కూలబడి, చాలా రోజుల తర్వాత చుట్ట వెలిగించాడు. ఇంత తేలిగ్గా అయిపోయిందా అనిపించింది.

పెరట్లో పొడిబట్టలు కట్టుకుంటుంటే మరదలు తువ్వాలు, కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. గిన్నె గట్టు మీద పెట్టి నిలబడింది. లోపల ఆయన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"ఎందుకు వద్దన్నావు? కొంచెంలో అంతా పాడుచేసేదానివి" అన్నాను.

"నీకోసం వద్దన్నాను" అంది. నా చెయ్యి వైపే చూస్తోంది. "నాను సెప్పేను బావా నీకు."

ఏం చెప్పావన్నాను.

"మచ్చ సంగతి. మనకి పన్నెండేళ్ళుంటాయి. తోటలో దొంగతనంగా పెంకు మీద జీడిగింజలు కాల్సేను. సొన మండి సిందింది. లంగా కాలి నడుం మీద పడింది. తోటకి ఎల్లొద్దన్నాది అమ్మ, తెలిస్తే సంపేస్తాదని ఎవలికీ సెప్పలేదు. నీకొక్కడికే సెప్పేను. నువ్వు పరిగెట్టి నూనె గిన్నె తెచ్చి, కళ్ళు మూసుకుని నా సేతికిచ్చేవు. ఎవలికీ సెప్పనని నా నెత్తి మీద సెయ్యేసి ఒట్టేసేవు."

నాకు గుర్తు లేదు. ఆ తోటలో ప్రతి చెట్టూ గుర్తుంది. బిందె మీద సొట్ట గుర్తుంది. తన ఊతపదం గుర్తుంది, పాట కూడా కట్టాను. ఇది మాత్రం లేదు. తర్వాత ఎంత వెతికినా నూనె గిన్నె ఒకటి లీలగా కనబడుతుంది. అది నిజంగా గుర్తొచ్చిందో, తను చెప్పాక నేను చేసుకున్నదో నాకు తేలడం లేదు. కల్పన అన్నాను. నాకెవరూ చెప్పలేదన్నాను. నా పిల్ల పేరు తీశాను.  అంత భయం నా జన్మలో ఎరగను.

"ఆ రోజు మా నాన్నతో రమ్మన్నది ఇది సెప్పడానికే" అంది. "ఆయనకి ఎలాగ సెప్పుకోను? నీకు సెప్పేనంటే సూపించేననే అంటాడు. నీతో సెప్తే రేపెవలడిగినా ఒట్టెయ్యవనుకున్నాను. నాను ఇక్కడ లేకపోయినా బతుకుదును బావా. నీ ఆడగుంట పేరు నువ్వెందుకు తీసేవు?"

 నిజం చెప్తే తను ఈ గుమ్మం దిగిపోవాలి, పిల్లలు లోపలే ఉండిపోవాలి. చెప్పకపోతే ఆ ఒట్టు నా ఇంట్లో, నా కూతురి మీద ఉండిపోతుంది. తను తువ్వాలు మడిచి దండెం మీద వేసింది.

"అంత పాట రాసేవు నా మీద. అది మాత్రం ఎలాగ మర్సిపోయేవు?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అన్నయ్యా, కాఫీ సల్లారిపోతంది" అని లోపల్నుంచి ఆయన కేకేశాడు. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన గ్లాసు నా మంచి చేతికి అందించాడు. నేను తాగాను.